వెనకదారిలో ఎవరూ ఎవరినీ చూడలేదు

దర్జీకి ఒక పట్టుదల ఉంది. వదినగారి గడప తొక్కకూడదని. వదినంటే భార్యకు స్వయానా అక్క. ఆ పట్టు పట్టి ఇరవైమూడేళ్ళయింది. కారణం వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు అక్కడున్న పదిమందీ నవ్వారు, అసలు గొడవంతా ఆ నవ్వుతోనే వచ్చింది.

జరిగిందేమిటంటే, వదిన భర్తకు, అంటే తన తోడల్లుడికి, దర్జీ ఒక ప్యాంటు కుట్టిచ్చాడు. అయినవాళ్ళు కదా అని ఊరికే కుట్టిచ్చాడు. ఆ మహానుభావుడు అది తొడుక్కుని నలుగురిలో లేచి నిలబడి, "చూడండయ్యా మా తమ్ముడి పనితనం! ఒక కాలు మడమ దాకా వచ్చింది, రెండోది పిక్క దగ్గరే అలిసిపోయి ఆగింది" అన్నాడు. జనం పడీపడీ నవ్వారు. దర్జీకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా ప్యాంటు లక్షణంగా ఉంది. నీ కాలే పొట్టి" అన్నాడు. మాటకు మాట పెరిగింది. దర్జీ మెళ్ళోని టేపు తీసి, రెండు కాళ్ళూ ఇక్కడే కొలుస్తాను, కదలకుండా నిలబడమన్నాడు. తోడల్లుడు కొలవనివ్వలేదు. కొలవనిస్తే ఆ పూటతో పోయేది.

ఇంటికొచ్చి భార్యతో, "మీ అక్క ఊసు ఈ ఇంట్లో వినబడకూడదు. నువ్వూ అటు వెళ్ళడానికి వీల్లేదు" అన్నాడు. ఆవిడ "సరే" అంది. పెళ్ళాం అంత తేలిగ్గా సరే అందంటే ఎవడైనా అనుమానించాలి. ఈయన తన మాట నెగ్గిందని సంతోషించాడు.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండు కాగానే ఆవిడ సంచీ భుజాన వేసుకుని, "దారం అయిపోయింది, తెస్తాను" అని బయల్దేరింది. గంటన్నర తర్వాత ఒక దారపు రీలుతో తిరిగొచ్చింది. ఆ మర్నాడూ దారం అయిపోయింది. ఆ తర్వాతి రోజూ అయిపోయింది. చెప్పొద్దూ, ఇరవైమూడేళ్ళలో ఆ దుకాణంలో దారం అయిపోని రోజంటూ లేదు. అటక మీద మూడు ట్రంకుపెట్టెల నిండా రీళ్ళే. ఏ మనిషీ ఏ శుభానికీ అశుభానికీ వేసుకోని రంగులు అందులో ఉన్నాయి. ఆవిడ తెచ్చిన ప్రతి రీలునూ దర్జీ వెలుతురులో తిప్పి చూసి, "ఊఁ, గట్టి దారం" అని అటక మీదికి విసిరేవాడు.

మధ్యలో తోడల్లుడు పోయాడు, ఆరేళ్ళ కిందట. ఏ కాలు పొట్టిదో తేలకుండానే పోయాడు. అప్పుడైనా వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గానీ, ఆ బలంతో మొండివాడు చేసుకునేదేమీ ఉండదు, పాపం. రెండేళ్ళ కిందట వదినకు పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయిందని ఎవరో సెలూన్లో చెప్పుకుంటుంటే విన్నాడు. విని గడ్డం సగంలో లేచి వచ్చేశాడు. వచ్చేశాడు గానీ, గడప తొక్కలేదు.

ఇక దారి సంగతి చెప్పాలి. కథంతా దానిదే.

దుకాణాల వరుస వెనక ఒక కాలిబాట ఉంది. దాన్ని అందరూ వెనకదారి అంటారు. వెడల్పు రెండడుగులు. పాత ఇటుక గోడ పక్కనుంచి మొదలై, ఖాళీ పొలం మధ్యనుంచి, లావుపాటి నీళ్ళ పైపు మీదుగా అవతలి వాడకు చేరుతుంది. సరిగ్గా వదినగారి పెరటి తలుపు దగ్గర ఆగిపోతుంది. మామూలుగా నడిస్తే పావుగంట. అదే రోడ్డు మీద వెళ్ళాలంటే వంతెన చుట్టి ఆరు కిలోమీటర్లు, మధ్యాహ్నం పూట బస్సు కూడా ఉండదు.

అయితే జనం ఆ దారిన వెళ్ళేది దగ్గరని కాదు. రోడ్డు మీద అడుగు పెట్టారంటే పది గుమ్మాల నుంచి ఒకటే ప్రశ్న, "ఎక్కడికి బయల్దేరారు?" జవాబు చెప్పకపోతే పొగరంటారు. చెబితే ఊరంతా టముకు వేస్తారు. వెనకదారిలో ఆ బాధ లేదు. అక్కడొక మర్యాద ఉంది. ఎవరు పెట్టారో తెలియదు, అందరూ పాటిస్తారు. వెనకదారిలో ఎవరైనా ఎదురైతే వాళ్ళు మనకు కనబడరు, మనం వాళ్ళకు కనబడం. కరెంటు తీగల వైపో, నేల వైపో చూస్తూ పక్కకు ఒత్తిగిలి పోవాలి. కాలు తొక్కినా సరే, ఏ రాయో తొక్కామనుకోవాలి.

అందుకే ఊళ్ళో మొహమాటం ఉన్న ప్రతివాడూ ఆ దారి పట్టాడు. సెలూన్ ఆయన తన జుట్టు తను కత్తిరించుకోలేడు కదా, అవతలి వాడలో ఉన్న పోటీ సెలూన్‌కు వెళ్ళి కత్తిరించుకొచ్చేవాడు. హోటలాయన తన హోటల్ తిండి పడక అవతల మెస్సులో తినొచ్చేవాడు. లెక్కల మాస్టారు అప్పట్లో కొడుకు హోంవర్కు, ఇప్పుడు మనవడి హోంవర్కు చంకలో పెట్టుకుని వెళ్ళి, అవతలి ట్యూషన్ మాస్టారితో చేయించుకొచ్చేవాడు. ఎప్పుడు పుస్తకం మారినా కొత్త లెక్కలు ఆయనకు అంతుపట్టవు మరి. చెప్పుకుంటే పరువు పోదూ?

దర్జీ కూడా వారానికి మూడు రోజులు ఆ దారినే అవతలి ఫ్యాక్టరీకి యూనిఫారాల మూట మోసుకెళ్ళేవాడు. సరిగ్గా పన్నెండింటికే తిరిగొచ్చేవాడు. ఎందుకు ఆ వేళకే అని అడిగితే, ఫ్యాక్టరీ స్టోరు మూసేది అప్పుడేననేవాడు. పైపు దగ్గర ఆయనకు భార్య ఎదురయ్యేది. చేతిలో మూడు గిన్నెల క్యారేజీ. ఆయన కరెంటు తీగలు చూసేవాడు, ఆవిడ నేల చూసేది. ఇద్దరూ ఒత్తిగిలి తప్పుకునేవారు. ఇంటికొచ్చాక "ఎక్కడికెళ్ళావు?" అని ఈయన, "దారానికి" అని ఆవిడ.

ఒక వానాకాలం ఆవిడ కాలు జారి ఆ పైపు దగ్గరే బురదలో కూలబడింది. దర్జీ ఎదురుగా వస్తున్నాడు. తీగల వైపు చూస్తూనే చెయ్యి చాపాడు. ఆవిడ నేల వైపు చూస్తూనే ఆ చెయ్యి పట్టుకుని లేచింది. ఎవరి దారిన వాళ్ళు పోయారు. సాయంత్రం, "బట్టలకు ఆ బురదేమిటి?" అని అడిగాడు. "రోడ్డు మీద జారిపడ్డాను" అంది. "చూసుకుని నడవొద్దూ!" అని విసుక్కున్నాడు. నిజంగానే విసుక్కున్నాడు. ఆ రాత్రి ఆవిడకు నడుం ఎక్కడ నొప్పి పుడుతోందో అడగాలనిపించింది. రోడ్డు మీద పడిన మనిషిని వెనకదారి నొప్పి గురించి ఎలా అడుగుతాడు?

ఇలా గుట్టుగా నడుస్తున్న ఊరి మీద పిడుగు పడింది. ఖాళీ పొలాన్ని ఒక శీతల గిడ్డంగి యజమాని కొన్నాడు. కొన్నవాడు ఊరుకోడు కదా, చుట్టూ ముళ్ళకంచె వేయించాడు. వెనకదారి రెండు వైపులా మూసుకుపోయింది.

మొదటి రోజు దర్జీ భార్య అయిదు నిమిషాల్లో తిరిగొచ్చింది. చేతిలో రీలు లేదు. క్యారేజీ సంచీలో అలాగే ఉంది. రెండో రోజు రోడ్డు మీదుగా వెళ్ళి సాయంత్రం నాలుగింటికి వచ్చింది. మోకాళ్ళు బూరెల్లా పొంగాయి. "దారం కొట్టు దూరానికి మార్చారు" అంది. మూడో రోజు లేవలేకపోయింది. పన్నెండయ్యేసరికి మూత పెట్టిన క్యారేజీని ఒళ్ళో పెట్టుకుని, దుకాణం మెట్టు మీద కూర్చుని, గోడవైపు చూస్తూ ఉండిపోయింది. దర్జీ మిషన్ తొక్కుతూనే ఉన్నాడు. సూదిలో దారం లేదని ఒక చొక్కా చెయ్యంతా అయ్యాక గానీ చూసుకోలేదు.

వారం తిరిగేసరికి ఊళ్ళో అందరి బతుకూ బయటపడింది. సెలూన్ ఆయన జుట్టు చెవుల మీదికొచ్చింది. హోటలాయన చిక్కిపోయాడు. మాస్టారి మనవడికి సున్నాలొచ్చాయి. ఇంక లాభం లేదని మాస్టారు జిల్లా కచేరీలో వాకబు చేసి ఒక చట్టం పట్టుకొచ్చాడు. ఏ బాటనైనా జనం ఇరవై ఏళ్ళు ఆగకుండా నడిస్తే అది జనం దారే అవుతుందట, ఎవడు కొన్నా మూయలేడట. కాకపోతే మూడు షరతులు. అడిగి నడిచి ఉండకూడదు. కొట్లాడి నడిచి ఉండకూడదు. దొంగచాటుగా నడిచి ఉండకూడదు. అందరూ చూస్తుండగా దర్జాగా నడిచి ఉండాలి.

"ఇరవయ్యేమిటి, నలభై ఏళ్ళు నడిచాం!" అని జనం ఎగిరి గంతేశారు. మూడో షరతు ఎవరి బుర్రకూ ఎక్కలేదు.

దరఖాస్తుకు పటం జతపరచాలన్నారు. గీత తిన్నగా గీసేవాడు ఊళ్ళో దర్జీ ఒక్కడే కాబట్టి పని ఆయనకు అప్పగించారు. ఆయన కాగితం మీద గీయలేక, లైనింగు గుడ్డ మీద సుద్దతో గుర్తులు పెట్టి, దారిని మిషన్ మీద కుట్టేశాడు. పైపు దగ్గర జేబు మూలకు వేసినట్టు గట్టి కుట్టు వేశాడు. అంచులు మడిచి కుట్టి ఇచ్చాడు, పీచులు లేవకుండా. దారి చివర, వదినగారి పెరడు ఉన్నచోట కుట్టు ఆపి, కాసేపు చూసి, అక్కడ మాత్రం రెండుసార్లు కుట్టాడు.

విచారణ గ్రంథాలయం గదిలో పెట్టారు. దారుల నమోదు అధికారి వచ్చాడు. సన్నగా, ఓపిగ్గా ఉన్నాడు. ఆయనకొక నియమం. విచారణలో ఎవరు ఏ మాటన్నా రాసుకుని పైకి చదివి వినిపిస్తాడు. తుమ్మినా రాస్తాడని చెప్పుకున్నారు, అది నిజం కూడా. ఒక పక్క గిడ్డంగి యజమాని కూర్చున్నాడు. ఇంకో పక్క నలభై ఒక్కమంది సాక్షులు. దర్జీ భార్య సాక్ష్యం ఇవ్వలేదు. రోడ్డున పోయే మనిషికి ఈ దారితో ఏం పని? వెనక బెంచీ మీద క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అధికారి కాగితాలన్నీ తిరగేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"మాస్టారూ, మీరు ఈ దారిన ఎన్నేళ్ళుగా నడుస్తున్నారు?"

"ముప్ఫై ఒక్కేళ్ళండి. సోమ, బుధ, శుక్ర. సాయంత్రం అయిదింటికి."

"దారిలో ఎవరినైనా చూశారా?"

"లేదండి."

"ఎవరినీ?"

"ఎవరినీ చూళ్ళేదండి."

అధికారి రాసుకుని సెలూన్ ఆయన వైపు తిరిగాడు. "మీరెప్పుడు నడుస్తారు?"

"నెలకొక శుక్రవారమండి. సాయంత్రం అయిదింటికి."

"అంటే మాస్టారు వచ్చే వేళకే. ఆయన్ని చూశారా?"

సెలూన్ ఆయన మాస్టారి వైపు చూశాడు. మాస్టారు కప్పు వైపు చూశాడు. "లేదండి" అన్నాడు సెలూన్ ఆయన.

"దారి వెడల్పు ఎంత?"

"రెండడుగులండి" అని నలభై ఒక్కమందీ ఒక్కసారే అన్నారు.

"రెండడుగుల దారి. నలభై ఒక్కమంది. ముప్ఫై ఏళ్ళు. ఒకరికొకరు తగల్లేదా?"

"తగిలామండి" అన్నాడు హోటలాయన, అబద్ధం ఆడటం చేతగానివాడు. "తగిలాం గానీ, చూళ్ళేదండి."

"తగిలారు, చూడలేదు" అని అధికారి పైకి చదువుతూ రాసుకున్నాడు. రాసి కలం కింద పెట్టాడు. "మీరంతా నాకు అర్థం కావడం లేదు. ఎవరికి వారు నేను నడిచానంటే అది హక్కు అవదు, కోరిక అవుతుంది. ఒకరు నడుస్తుండగా ఇంకొకరు చూడాలి. కనీసం ఒక్కరైనా చూడాలి. చూడలేదంటే రెండే అర్థాలు. మీరెవరూ నడవలేదు, లేదా దొంగచాటుగా నడిచారు. ఎలాగైనా దారి పోయినట్టే."

గిడ్డంగి యజమాని మొహం చేటంత అయింది. "అదేనండి నేను మొత్తుకునేది! నేను కొన్నాక నా కాపలావాడు నెల రోజులు అక్కడే కూర్చున్నాడు. వాడూ ఎవరినీ చూళ్ళేదన్నాడు."

కాపలావాడిది ఈ ఊరే మరి. వాడు మాత్రం మర్యాద తప్పుతాడా?

చూశానని ఒకడంటే, ఎవరిని అన్న ప్రశ్న వస్తుంది. ఎవరినో చెబితే, ఎక్కడికెళ్తుండగా అన్న ప్రశ్న వస్తుంది. నలభై ఒక్క పరువులు ఒకదాని భుజం మీద ఒకటి నిలబడి ఉన్నాయి. ఒక్కటి కదిలితే అన్నీ కూలతాయి. అందరూ నేల చూపులు చూశారు.

"పది నిమిషాలు చూస్తాను. ఎవరూ ముందుకు రాకపోతే దరఖాస్తు కొట్టేస్తాను" అన్నాడు అధికారి.

దర్జీ వెనక్కి తిరిగి చూశాడు. భార్య గోడ గడియారం చూస్తోంది. పదకొండూ ఇరవై. క్యారేజీ మూతను బొటనవేలితో అదే పనిగా రుద్దుతోంది. ఆ మొహంలో కోపం లేదు, ఏడుపూ లేదు. ఇక వెళ్ళలేనని తెలిసిపోయిన మనిషి మొహం అది. ఈ దారి పోతే ఆవిడ అక్కను మళ్ళీ చూడదు. ఆ ఆరు కిలోమీటర్లు ఆ మోకాళ్ళకు జన్మలో లొంగవు. తను నోరు విప్పితే తన పట్టు పోతుంది. విప్పకపోతే ఆవిడకు అక్క పోతుంది. ఇరవైమూడేళ్ళలో మొదటిసారి తన పట్టు తనకే వెగటు పుట్టింది.

లేచి నిలబడ్డాడు.

"నేను చూశానండి."

మిగతా నలభైమంది సాక్షులూ ఉలిక్కిపడ్డారు. మాస్టారు, "ఒరే, కూర్చోరా" అని పళ్ళ మధ్యనుంచి అన్నాడు. అధికారి ఆ మాట కూడా రాసుకున్నాడు.

"ఎవరిని చూశారు?"

"నా భార్యనండి."

"ఎప్పుడు?"

"రోజూ పన్నెండూ అయిదుకు. నేను వెళ్ళేది వారానికి మూడు రోజులే. మిగతా రోజుల్లో దుకాణం వెనక కిటికీలోంచి చూసేవాణ్ణి."

"ఏం చూశారో చెప్పండి. రాసుకుంటాను."

"ఎడమచేత్తో క్యారేజీ పట్టుకునేది. నేను ఎదురొస్తే సంచీని దాని మీదికి లాక్కునేది. ఎక్కడ కనబడుతుందోనని. పైపు మీద ముందు కుడికాలు వేసేది, ఎప్పుడూ కుడికాలే. మొదట్లో ఆవిడ అడుగు ఇరవైరెండు అంగుళాలు ఉండేది. మా తోడల్లుడు పోయిన ఏడాది పంతొమ్మిది. పోయిన వానలకు పదిహేను. కంచె వేసేనాటికి పదమూడు. పావుగంట దారి అరగంట అయింది. మధ్యలో రెండుచోట్ల ఆగేది, గోడ పట్టుకుని."

"టేపు పెట్టి కొలిచారా?"

"నలభై ఏళ్ళుగా కొలవడమే నా పనండి. కంటికి తెలుస్తుంది."

"తీగల వైపు చూసే మనిషికి ఎలా తెలుస్తుంది?" అన్నాడు గిడ్డంగి యజమాని.

"తీగల వైపు చూసినట్టు నిలబడేవాణ్ణి. చూసేది ఆవిడనేనండి" అన్నాడు దర్జీ.

అధికారి కలం ఆగలేదు. "ఆవిడ ఎక్కడికి వెళ్ళేది?"

ఇదిగో, వచ్చింది ఆ ప్రశ్న. ఊరంతా పారిపోయే ప్రశ్న.

"వాళ్ళక్క దగ్గరికి. నేనే వద్దన్నాను. అయినా వెళ్ళేది. నాకు మొదటి రోజు నుంచీ తెలుసండి."

గది వెనకనుంచి బెంచీ కిర్రుమంది. దర్జీ భార్య లేచింది. క్యారేజీ బెంచీ మీద ఠక్కున పెట్టింది.

"అయ్యా, నా మాట కూడా రాసుకోండి. ఈయన నన్ను చూశాడేమో గానీ, నేనీయన్ని చూడలేదు. ఇరవైమూడేళ్ళలో ఒక్కనాడు కూడా చూడలేదు. రోజూ నేను అక్క దగ్గరికెళ్తున్నానని తెలుసునట. ఎన్ని అంగుళాలు వేస్తున్నానో తెలుసునట! బావ పోయిన రోజు ఏడుస్తూ వచ్చాను, అదీ చూసే ఉంటాడు. 'మీ అక్కకెలా ఉందే?' అని ఒక్క మాట అడిగాడా? మూడు పెట్టెల దారం అటకెక్కించాడు గానీ, ఆ ఒక్క మాట నోట్లోంచి రాలేదు. అలాంటి మనిషెవరో నాకు ఆ దారిలో ఎదురుపడలేదు. రాసుకోండి!"

అధికారి రాసుకున్నాడు. చదివి వినిపించబోయి, ఎందుకో మానుకున్నాడు.

దర్జీ నిలబడే ఉన్నాడు. కూర్చోవాలో, నిలబడాలో తెలియలేదు. చేతులు మెళ్ళో టేపు కోసం వెతుక్కున్నాయి. టేపు దుకాణంలో వదిలేసి వచ్చాడు. చివరికి అందరి ముందూ, అధికారి వైపు కాకుండా, వెనక బెంచీ వైపు తిరిగి అడిగాడు.

"వదినకెలా ఉంది?"

ఆవిడ క్యారేజీ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత, నిన్న విడిచిన మాట అందుకున్నట్టు మొదలుపెట్టింది.

"ఎడమ చెయ్యి లేవడం లేదు. మాట ముద్దగా వస్తోంది. పొద్దున ఒక నర్సమ్మ వచ్చి పక్క మార్చి పోతుంది. అక్క ఎవరు పెట్టినా సరిగ్గా తినదు, నేను పెడితేనే తింటుంది. కంచె పడ్డాక నర్సమ్మ పెడితే రోజు విడిచి రోజు తింటోందట. ఈ వారం రెండుసార్లే తిందట."

"విచారణకు సంబంధం లేని మాటలు" అని గిడ్డంగి యజమాని మెల్లగా అన్నాడు. అన్నాడే గానీ, ఆయన గొంతులోనూ మునుపటి జోరు లేదు.

"ఏ మాటైనా రాయాల్సిందే" అన్నాడు అధికారి. ఆ ఊరి దారుల రిజిస్టరులో వదినగారు వారానికి రెండుసార్లే తిన్న సంగతి ఇవాళ్టికీ ఉంది, కావలిస్తే వెళ్ళి చూసుకోవచ్చు.

అప్పుడు సెలూన్ ఆయన, చెవుల మీది జుట్టు వెనక్కి తోసుకుని లేచాడు. "అయ్యా, నేనూ చూశానండి. మాస్టార్ని చూశాను. చంకలో నోటుపుస్తకంతో."

"నువ్వా నన్ను చెప్పేది?" అని మాస్టారు ఎగిరిపడ్డాడు. "అయ్యా, వీడు జులపాలతో వెళ్ళి నున్నగా తిరిగిరావడం ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను!"

ఇంక చూసుకోండి. గట్టు తెగింది. హోటలాయన మెస్సు సంగతి మెస్సు పాలామె చెప్పింది, పాలామె నీళ్ళు కలిపే పంపు సంగతి హోటలాయన చెప్పాడు. కాపలావాడు లేచి అందర్నీ చూశానన్నాడు. అందరూ అందర్నీ చూసేశారు. ముప్ఫై ఏళ్ళు చూసిందంతా అరగంటలో కక్కేశారు. ఒకరి గుట్టు ఒకరు విప్పుతుంటే సిగ్గుపడటానికి ఎవరికీ ఖాళీ లేకపోయింది. అధికారి మూడు కలాలు మార్చాడు.

"చాలు!" అని చివరికి చేతులెత్తాడు. "ఇంతమంది ఇంత వివరంగా చూసిన దారి నా ఉద్యోగంలో ఇంకొకటి లేదు. ఇక స్థలం చూడాలి. ఇవాళ చూడకపోతే మళ్ళీ మూడు నెలలకే వస్తాను. పదండి."

గిడ్డంగి యజమాని కంచె రెండు గేట్ల తాళంచెవులూ తీసి కాపలావాడి చేతిలో పెట్టాడు.

దర్జీ భార్య ఎవరికోసమూ ఆగలేదు. పన్నెండు దాటుతోంది. కాపలావాడు గేట్లు తీయగానే క్యారేజీ పట్టుకుని ముందు నడిచింది. ఆవిడ వెనక దర్జీ. దర్జీ వెనక మాస్టారు, సెలూన్ ఆయన, హోటలాయన, మిగతా అందరూ. వాళ్ళ వెనక కుట్టిన పటం విప్పి పట్టుకుని అధికారి, ఆయన వెనక యజమాని. రెండడుగుల దారి కదా, ఒకరి వెనక ఒకరు తప్ప నడవడానికి వీల్లేదు. దర్జీ భార్యది పదమూడు అంగుళాల అడుగు కాబట్టి ఊరంతా పదమూడు అంగుళాల చొప్పునే నడిచింది. ఆవిడ గోడ పట్టుకుని ఆగితే అందరూ ఆగారు. పైపు దగ్గర దర్జీ చెయ్యి చాపాడు. ఈసారి ఆవిడ మొహంలోకి చూస్తూ చాపాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకోలేదు. క్యారేజీ కుడిచేతికి మార్చుకుని, కుడికాలు ముందు వేసి తనే దాటింది.

పెరటి తలుపు తోసుకుని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. దర్జీ గుమ్మం బయట ఆగిపోయాడు. గడప కనబడుతోంది, చిన్న చెక్క గడప, మధ్యలో అరిగింది. కాలు లేవలేదు. నోటితో ఒప్పుకున్నంత తేలిక కాదు ఇది. పోనీ వెనక్కి వెళ్దామా అంటే వెనక ఊరంతా నిలబడి ఉంది. పక్కన ముళ్ళకంచె. ఎటూ తిరగడానికి లేదు.

"ముందుకు కదలండయ్యా! దారి ఎక్కడ ఆగుతుందో చూడాలి!" అని చివరినుంచి అధికారి కేకేశాడు. ఆ కేకకు వెనకనున్నవాళ్ళు ముందున్నవాళ్ళను నెట్టారు, మాస్టారు దర్జీని నెట్టాడు. దర్జీ గడప దాటి వెళ్ళి గది మధ్యలో పడ్డట్టుగా నిలబడ్డాడు.

మంచం మీద వదిన. ఇంత చిన్నదైపోయిందా మనిషి! ఆయనకు గుర్తున్న వదిన గుమ్మం నిండా నిలబడి గలగలా నవ్వే మనిషి. ఇప్పుడు దుప్పటి కింద పసిపిల్లంత ఉంది. కుడికన్ను చికిలించి చూసింది.

"ఎవరూ?" అంది, మాట ముద్దగా.

దర్జీ భార్య వైపు చూశాడు. ఆవిడ గిన్నెలు విప్పుకుంటోంది. చెప్పే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

"నేనొదినా."

"నేనంటే?"

"మరిదినొదినా. నీ మరిదిని." ఏడుపొచ్చింది. మూతి బిగించాడు, ఆగలేదు. ఇంత వయసు మనిషి, కిటికీలోంచి ఊరంతా చూస్తుండగా, పెద్దగా ఏడ్చాడు. "తప్పయిపోయిందొదినా."

వదిన కాసేపు ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఎండనపడి వచ్చావు. కూర్చో" అంది.

కూర్చున్నాడు. దర్జీ భార్య పళ్ళెంలో అన్నం మెత్తగా కలిపింది. కలిపి, తన మోకాళ్ళు మడిచి మంచం పట్టె మీద కూర్చోబోయి, నొప్పికి ఆగింది. పళ్ళెం తెచ్చి దర్జీ ఒళ్ళో పెట్టింది. చెంచా చేతిలో పెట్టింది.

"ఏడవడం తర్వాత. ముందు పెట్టండి, వారమంతా సగం కడుపుతో ఉంది" అంది. "కుడివైపు పెట్టాలి. ఎడమవైపు పెడితే జారిపోతుంది. మింగిందాకా చూసి గానీ రెండోది పెట్టకూడదు. రేపట్నుంచి క్యారేజీ మీరే తేవాలి, నావల్ల కాదు."

దర్జీ తల ఊపి, కళ్ళు భుజానికి తుడుచుకుని, చెంచా కుడివైపు పెట్టాడు. వదిన మింగేదాకా చూశాడు.